గీసిన రూపానికి నీడ: ఆకృతి, వెలుతురు, చూపరి కన్ను

కాగితం మీద గీసిన వలయం నాణెం కావచ్చు, బంతి కావచ్చు, గోడలోని రంధ్రమూ కావచ్చు. గీత ఒక్కటే ఆ సంగతి తేల్చలేదు. దాని లోపల ఒక పక్క పలుచగా, మరొక పక్క చిక్కగా పెన్సిలు నడిపితే వలయం ఉబ్బి బంతిగా మారుతుంది. షేడింగ్ అని వాడుకలో ఉన్న ఈ పని పైకి ఒకటిగానే కనబడినా అందులో రెండు వేర్వేరు బాధ్యతలు కలిసి ఉన్నాయి: వస్తువు ఉపరితలం ఎక్కడ ముందుకు వచ్చింది, ఎక్కడ వెనక్కు మళ్లింది అని చెప్పడం మొదటిది, వెలుతురు ఏ వైపు నుంచి, ఎంత తీక్షణంగా, ఎన్ని దీపాల నుంచి వచ్చి దాని మీద పడింది అని చెప్పడం రెండవది. ఈ రెంటిలో దేన్ని చేపట్టాలి, దేన్ని విడిచిపెట్టాలి అన్న విషయంలో చిత్రకళా సంప్రదాయాలు వేర్వేరు దారులు తొక్కాయి. భౌతికశాస్త్రం రెండవదానికి సూత్రాలు సమకూర్చింది. చూపరి కన్ను మొదటిదాన్ని గట్టిగా కోరుతుందనీ, రెండవదాని విషయంలో చాలా ఉదారంగా ఉంటుందనీ దృష్టిశాస్త్రం ఇటీవలి దశాబ్దాల్లో తేల్చింది. నేర్చుకొనేవారికి ఎదురయ్యే చిక్కుల్లో పెద్ద భాగం ఈ రెంటినీ ఒకే పనిగా భావించడం నుంచే పుడుతుందన్నది ఈ సమీక్ష పక్షం.

వెలుతురు లెక్క సూటిగానే ఉంటుంది. గణితవేత్త యోహాన్ హైన్రిష్ లాంబర్ట్ 1760లో లాటిన్‌లో వెలువరించిన ‘ఫోటోమెట్రియా’ గ్రంథంలోని కొసైన్ నియమం ప్రకారం, మెరుపు లేని ఉపరితలం వెలుతురుకు ఎదురుగా నిలిచిన చోట అత్యధిక కాంతిని అందుకొని, పక్కకు తిరిగేకొద్దీ ఆ కోణపు కొసైన్ విలువను అనుసరించి తక్కువ కాంతిని అందుకొంటుంది. 60 డిగ్రీలు తిరిగిన చోట అది సగం, 90 డిగ్రీల దగ్గర సున్న. ఈ లెక్కను ఉన్నదున్నట్టు కాగితం మీదికి దించితే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే కన్ను కాంతిని తూచే తీరు వేరు: తన మీద పడిన కాంతిలో దాదాపు 18 శాతాన్ని మాత్రమే తిరిగి పంపే బూడిదరంగు, నలుపు తెలుపులకు నట్టనడుమ ఉన్నట్టు కంటికి తోస్తుంది. 1976లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం స్థిరపరచిన కొలమానంలో నలుపు 0, తెలుపు 100 అయితే, సగం కాంతి అందిన 60 డిగ్రీల చోటు 50 దగ్గర కాక 76 దగ్గర నిలుస్తుంది. 75 డిగ్రీల చోటు 58 దగ్గర, 85 డిగ్రీల చోటు 35 దగ్గర ఉంటాయి. అంటే తెల్లని సుద్ద బంతి వెలుతురుకు ఎదురైన బిందువు నుంచి 60 డిగ్రీలు తిరిగేవరకు కంటికి కనబడే మార్పు దాదాపు నాలుగో వంతు. మిగిలిన ముప్పావు వంతు చీకటి చివరి 30 డిగ్రీల్లోనే ముంచుకొస్తుంది. ఒక అంచు నుంచి మరొక అంచు దాకా సమానమైన మెట్లతో నలుపు పెంచుకుంటూ పోయే కొత్తవారి చేతిలో బంతి ఎందుకు మసిబారినట్టు తయారవుతుందో, వెలుతురు పక్షాన్ని దాదాపు ముట్టుకోకుండా వదిలిన అనుభవజ్ఞుడి బంతి ఎందుకు నిండుగా నిలుస్తుందో ఈ అంకెల్లోనే ఉంది.

కిటికీ పక్కన తెల్లగుడ్డ మీద పెట్టిన మట్టి ముంతను కాసేపు నిదానంగా చూస్తే ఈ విభజన అంతా దాని ఒంటి మీదే కనబడుతుంది. కిటికీకి ఎదురైన భాగంలో వెలుతురు నిండుగా ఉంటుంది. అక్కడి నుంచి ముంత పొట్ట పక్కకు తిరిగేకొద్దీ వచ్చే నడిమి వన్నెలను చిత్రకారులు హాఫ్‌టోన్ అంటారు. వెలుతురు ఇక తాకలేని చోట ఒక సరిహద్దు ఏర్పడి, దానికి అవతల ఉన్నదంతా వస్తువు సొంత నీడ అవుతుంది. ఆ సరిహద్దును ఆనుకొనే నీడలో అన్నిటికన్న నల్లని పట్టీ ఒకటి కనబడుతుంది, దాన్ని కోర్ షాడో అంటారు. అది అంత నల్లబడటానికి కారణం, కిటికీ కాంతిని అందుకోలేనంతగా ఆ భాగం తిరిగిపోయి ఉండటం, గుడ్డ మీద పడి పైకి లేచే పరావర్తిత కాంతికి ఇంకా ఎదురు కాకపోవడం. ముంత అడుగుకు దిగేకొద్దీ గుడ్డ నుంచి వచ్చిన ఆ కాంతి వల్ల నీడ కొద్దిగా తేటపడి, ముంత గుడ్డను తాకే సన్నని చోట, ఏ వైపు కాంతీ దూరలేని సందులో, మళ్లీ గాఢమైన నలుపు గీత లాగా మిగులుతుంది. ఈ చివరి గీత వెడల్పు తక్కువే అయినా వస్తువు నేల మీద కూర్చున్నదా, గాలిలో తేలుతున్నదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

పరావర్తిత కాంతి దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. నీడలో తేటదనం కనబడిందన్న ఉత్సాహంతో దాన్ని హాఫ్‌టోన్‌తో సమానంగా వెలిగిస్తే వెలుతురు పక్షానికీ నీడ పక్షానికీ మధ్య కంచె తెగిపోయి, ముంత మట్టిదన్న సంగతి పోయి గాజుదన్నట్టు ఉంటుంది. నీడలో అన్నిటికన్న తేటైన చోటు వెలుతురు పక్షంలో అన్నిటికన్న మందమైన చోటు కంటే నల్లగానే ఉండాలన్న స్టూడియో నియమం ఇందుకే వచ్చింది. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. ఎండలో తెల్లటి గచ్చు మీద నిలిపిన వస్తువుల మీద దీన్ని ధిక్కరించే సందర్భాలు తరచుగా కనబడతాయి. అయినా అభ్యాస దశలో దాన్ని గుడ్డిగా పాటించడమే మేలు, ఎందుకంటే కంటికి నీడలోని తేటదనం దాని చుట్టూ ఉన్న నలుపు వల్ల ఉన్నదానికన్న ఎక్కువగా కనబడుతుంది, నియమం ఆ అత్యుక్తిని కోసివేస్తుంది.

వస్తువు తన వెనక పడవేసే నీడ మరొక జాతి. దీపం బిందువంత చిన్నదైతే నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. దీపానికి వెడల్పు ఉన్నప్పుడు, వెలుతురు పూర్తిగా మరుగుపడిన ప్రచ్ఛాయ చుట్టూ, కొంతే మరుగుపడిన ఉపచ్ఛాయ అనే మసక అంచు ఏర్పడుతుంది. సూర్యబింబం ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి, ఎండకు ఎదురుగా ఉన్న గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పట్టిన వేలి నీడకు మసక అంచు దాదాపు ఒక మిల్లీమీటరు, ఒక మీటరు దూరంలో పట్టిన వేలి నీడకు దాదాపు 9 మిల్లీమీటర్లు. స్తంభం నీడను మొదట్లో పదునుగా మొదలుపెట్టి దూరం పోయేకొద్దీ అంచు సడలించాలని డ్రాయింగ్ మాస్టార్లు చెప్పే మాటకు ఆధారం ఇదే. మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా ఒకే దీపమై పడిన నీడలు దాదాపు మాయమవుతాయి. అప్పుడు ఆకృతిని చెప్పే భారమంతా సొంత నీడ మీద, సందుల్లోని చీకటి మీద పడుతుంది.

ఉపరితలం స్వభావం కూడా లెక్కను మారుస్తుంది. గరుకైన వస్తువులు లాంబర్ట్ నియమానికి పూర్తిగా లొంగవు. వాటి మీది చిన్నచిన్న గుంతలూ గట్లూ వెలుతురును దీపం వైపే ఎక్కువగా తిప్పి పంపడం వల్ల, దీపం చూపరి వెనక ఉన్నప్పుడు అంచులు మందగించక చదునుగా కనబడతాయి. మైకేల్ ఓరెన్, శ్రీ నాయర్ 1994లో ఈ స్థితికి గణిత నమూనా ఇచ్చారు. పున్నమి చంద్రుడు గోళమై ఉండి కూడా పళ్లెంలా కనబడటం దీనికి అందరూ ఎరిగిన ఉదాహరణ. స్టీలు చెంబు దీనికి పూర్తిగా ఎదురు కొస: దాని మీద నీడ అనేదే దాదాపు ఉండదు, చుట్టూ ఉన్న గది వంగి ప్రతిబింబిస్తుంది, మెరుపు చుక్క చూపరి తల కదిపితే తానూ కదులుతుంది. మట్టి ముంతకు నేర్చిన మెట్లను చెంబుకు వర్తింపజేసేవారికి అది ఎప్పటికీ లోహంలా కనబడకపోవడంలో వింత లేదు.

చరిత్ర ఈ క్రమంలో నడవలేదు. లెక్కకు శతాబ్దాల ముందే చేయి పని చేసింది. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దపు ఎథెన్స్ చిత్రకారుడు అపొల్లొడోరస్‌కు నీడల చిత్రకారుడన్న పేరుండేదని ప్రాచీన గ్రంథాలు చెబుతాయి, అతని పని ఒక్కటీ మిగల్లేదు. భారతదేశంలో విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలోని చిత్రసూత్రం ఉబ్బెత్తును చూపే పద్ధతికి వర్తన అని పేరు పెట్టి, ఆకు ఈనెల్లా అల్లుకునే గీతలతో చేసే పత్రజం, అతి సన్నని గీతలతో చేసే ఐరికం, చుక్కలతో చేసే బిందుజం అని మూడు రకాలు చెప్పింది. నేటి క్రాస్ హాచింగ్, చుక్కల షేడింగ్ అనే పద్ధతులకు ఇవి ఎంత దగ్గరివో వేరుగా చెప్పనక్కరలేదు. ఆచార్యులు రేఖను మెచ్చుకొంటారనీ, విచక్షణ గలవారు వర్తనను మెచ్చుకొంటారనీ ఆ గ్రంథమే తెలియజేయడం గమనించదగింది. అజంతా ఒకటో గుహలోని పద్మపాణి ముఖంలో ముక్కు వెన్ను, పెదవి, గడ్డం మీద తేట వన్నె వేసి, అంచుల వైపు చాయను చిక్కబరచిన తీరు ఈ వర్తనకు నిదర్శనం. అక్కడ దీపం ఏ వైపుందని అడిగితే జవాబు దొరకదు. ముందుకు వచ్చినది తేట, వెనక్కు పోయినది చిక్కన అన్న సూత్రమే ఆ ముఖాన్ని నడిపింది, బోధిసత్త్వుడి నీడ నేల మీద పడదు. దీన్ని శాస్త్రజ్ఞానం లోపించడమని చదివిన పాత విమర్శకులు ఆ చిత్రకారుడు పెట్టుకోని ప్రశ్నకు జవాబు వెతికినట్టయింది.

అజంతా తర్వాతి దక్షిణాది కుడ్యచిత్రాల్లో ఆ వర్తన కూడా క్రమంగా సన్నగిల్లింది. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆకృతిని మోసేది బలమైన అంచు గీత, దాని లోపల పరచిన చదునైన రంగు. చీరల మీది నమూనాలు సైతం మడతల వెంట వంగవు. చేర్యాల పటాలదీ అదే దారి. గీత తానే బరువు మారుతూ ఆకృతిని చెప్పగలిగినప్పుడు నీడ అవసరం తగ్గుతుందన్న సంగతి, బాపు బొమ్మలు చూసి పెరిగిన తెలుగు పాఠకులకు రుజువులు చూపి చెప్పవలసిన పని లేదు. చైనాలో ఈ తేడా రాజదర్బారులోనే బయటపడింది: 1715లో అక్కడికి చేరి ముగ్గురు చక్రవర్తుల కొలువులో పనిచేసిన ఇటలీ జెసూయిట్ చిత్రకారుడు కాస్టిల్యోనే, ముఖం మీద ఒక పక్క నీడ మరకలా కనబడుతుందన్న అక్కడి అభిరుచికి తలవంచి, ఎదుటి నుంచి సమంగా పడే వెలుతురులో చిత్తరువులు వేశాడు. మొగల్ కార్ఖానాల్లో సర్దుబాటు మరొక తీరున జరిగింది. 1580లో జెసూయిట్లు ఫతేపూర్ సిక్రీలో అక్బరుకు సమర్పించిన బహుభాషా బైబిలు, దాని వెంటా తర్వాతా వచ్చిన ఐరోపా ముద్రణ చిత్రాలు చూసి బసావన్, కేసూదాస్ వంటివారు బట్ట మడతలకూ ఒంటికీ మెత్తని చాయలు చేర్చుకున్నారు కానీ నేల మీద పడే నీడను చాలా వరకు పక్కన పెట్టారు. రెండు బాధ్యతల్లో మొదటిదాన్ని తీసుకుని రెండవదాన్ని మర్యాదగా తిరస్కరించడం ఇది.

ఇటలీలో రెంటినీ ముడివేశారు. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీనీ తన చేతిపుస్తకంలో, గుడిలో చిత్రం వేసేవాడు ఆ గుడి కిటికీ ఎటు ఉందో చూసి చిత్రంలోని వెలుతురునూ అటు నుంచే తేవాలని, అభ్యాసం చేసేటప్పుడు వెలుతురు ఎడమ పక్క నుంచి పడేలా కూర్చోవాలని చెప్పాడు. రెండో సలహా కుడిచేతివాటం వారికి తమ చేతి నీడ గీత మీద పడకుండా కాపాడుతుంది. 1420లలో మసాచ్చో ఫ్లోరెన్సులోని బ్రాంకాచ్చీ ప్రార్థనామందిరంలో నిజమైన కిటికీ దిశకు తగ్గట్టు వెలుతురును సర్ది, పీటరు నీడ తాకి రోగులు స్వస్థత పొందే కథను చిత్రించాడు. నేల మీద పడిన నీడే అక్కడ కథానాయిక. లియొనార్డో 1490 ప్రాంతం నుంచి దీపాలూ గోళాలూ గీసి, వస్తువుకు అంటిపెట్టుకున్న నీడనూ దాని నుంచి వెలువడే నీడనూ వేరుచేసి, మసక అంచుల లెక్కలు కట్టి, చివరకు చిత్తరువులకు ఎండ కంటే మబ్బు పట్టిన వేళ కాంతి మంచిదన్న చోటికి చేరాడు. అతని లెక్కలకన్న ఈ ఎంపికే ఆసక్తికరం: వెలుతురును అంతగా చదివినవాడు, ఆకృతిని మృదువుగా తిప్పే వెలుతురునే కోరుకున్నాడు. కారవాజ్జో నాటికి తూకం రెండో వైపుకు మొగ్గింది. అతని చిత్రాల్లో చీకటి ఆకృతిని మింగివేస్తుంది, వెలుతురు ఎటు నుంచి పడిందన్నదే నాటకం.

నీడ చదవడం వచ్చినవాడికీ రానివాడికీ తేడా ఎంత దూరం పోతుందో 1609 చూపింది. ఆ ఏడాది వేసవిలో ఇంగ్లండులో థామస్ హారియట్ దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి గీసిన బొమ్మలో వెలుగు చీకట్ల సరిహద్దు ఎగుడుదిగుడు గీతగా ఉంది, అంతకు మించి ఏమీ లేదు. కొద్ది నెలల తర్వాత అదే సరిహద్దును చూసిన గెలీలియో దాన్ని ఇంకుతో, నీటి వన్నెలతో గీసి, గుంతల్లో సూర్యుడి వైపు గోడ చీకటిగా, ఎదురు గోడ వెలుగుగా ఉండటాన్ని గుర్తించి, చీకటి భాగంలో విడిగా మెరిసే చుక్కలు పర్వత శిఖరాలని నిర్ధారించి, సరిహద్దు నుంచి వాటి దూరాన్ని బట్టి ఎత్తులు లెక్కగట్టి 1610లో ప్రచురించాడు. ఫ్లోరెన్సు చిత్రలేఖన వాతావరణంలో పెరిగి, 1613లో అక్కడి చిత్రలేఖన అకాడమీలో సభ్యత్వం పొందినవాడికి గోళం మీది నీడ పరిచితమైన లిపి కావడమే ఈ తేడాకు కారణమని కళాచరిత్రకారుల్లో బలమైన అభిప్రాయం ఉంది. హారియట్ గణితంలో తీసిపోయినవాడు కాడు గనుక ఆ అభిప్రాయాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేము.

చూపరి వైపు నుంచి ఈ ప్రశ్నను పరిశీలించడం తర్వాత మొదలైంది. గుంత గట్టుగా, గట్టు గుంతగా తారుమారై కనబడే భ్రమకు వెలుతురు దిశను గురించిన అంచనాయే కారణమని అమెరికన్ ఖగోళవేత్త డేవిడ్ రిటెన్‌హౌస్ 1786లోనే రాశాడు. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ 1988లో చేసిన ప్రయోగాలు దీనికి స్పష్టత తెచ్చాయి: పైన తేటగా, కింద చిక్కగా షేడింగ్ చేసిన చక్రం ఉబ్బెత్తుగా, తలకిందులు చేస్తే గుంతగా కనబడుతుంది, ఎడమ కుడులకు తేట చిక్కనలు వేస్తే రెండు విధాలా కనబడవచ్చు కానీ, ఒక వరుసలోని చక్రాలు ఉబ్బెత్తుగా తోస్తే ఎదురుగా షేడింగ్ చేసిన వరుస తప్పక గుంతలవుతుంది. కన్ను పైనుంచి వెలుతురు వస్తున్నదనీ, దీపం ఒక్కటేననీ ముందే అనుకొని కూర్చుంటుందన్నమాట. చిత్రమేమిటంటే ఈ పట్టుదల చిన్న బొమ్మల వరకే. పెద్ద దృశ్యంలో వేర్వేరు వస్తువుల మీద వెలుతురు వేర్వేరు దిక్కుల నుంచి పడినా చూపరులు కనిపెట్టలేకపోతారని 2005లో ఆస్ట్రోవ్‌స్కీ, కవానా, పవన్ సిన్హా చూపారు. అదే ఏడాది కవానా, చిత్రకారులు శతాబ్దాలుగా అసాధ్యమైన నీడలు వేస్తూ వచ్చినా ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదని, నీడ దాని వెనక ఉన్నదానికన్న నల్లగా ఉంటే చాలు కన్ను దాన్ని నీడగా ఒప్పుకొంటుందని వాదించాడు. 1999లో బెల్యుమర్, క్రీగ్‌మన్, యూయిల్ గణితపరంగా నిరూపించిన మరో సంగతి కూడా ఇక్కడే చేర్చుకోవాలి: మెరుపు లేని ఆకృతిని నొక్కి పలుచని శిల్పఫలకంగా మార్చి, వెలుతురు దిశనూ ఉపరితలపు వన్నెనూ తగినట్టు సవరిస్తే రెండూ ఒకే షేడింగ్ ఇస్తాయి. షేడింగ్ ఒక్కటే లోతును కొలిచి చెప్పలేదు. అంచు గీత తోడు లేకపోతే దాని సాక్ష్యం చెల్లదు.

ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో రూపొందించిన గళ్ల పలక బొమ్మలో, నీడలో ఉన్న తెల్ల గడీ, వెలుతురులో ఉన్న నల్ల గడీ అచ్చంగా ఒకే బూడిదరంగువి; ఆ సంగతి తెలిసిన తర్వాత కూడా కన్ను నమ్మదు. పెన్సిలు పట్టినవారికి దీని అర్థం, ఒక చోటి నలుపు ఎంతో ఆ చోటును చూసి చెప్పలేమని. కళ్లు సగం మూసి చూడమనే పాత సలహా, వివరాలు మసకబారి రెండు మూడు పెద్ద మచ్చలే మిగిలేలా చేసి, కంటి సవరణను కొంత తగ్గిస్తుంది. సాధనాల పరిమితి దీనికి తోడవుతుంది. 1795లో కాంతే గ్రాఫైటుకు బంకమన్ను కలిపి గట్టి, మెత్త రకాల పెన్సిళ్లు తయారుచేసే దారి చూపినా, ఎంత మెత్తని పెన్సిలూ కాగితపు తెలుపుకు కొన్ని పదుల వంతుల దిగువ నలుపును మించి ఇవ్వలేదు, పైగా గట్టిగా రుద్దిన గ్రాఫైటు మెరిసి తేటబడుతుంది. ఎండ దృశ్యంలోని తేడాలు దానికి ఎన్నో రెట్లు. అందుకే షేడింగ్ అంతా కుదింపే, ఏ మెట్లను కలిపివేయాలన్నదే చిత్రకారుడి ఎంపిక. కొందరు ఆ కుదింపునే విద్యగా మలిచారు: క్లోద్ మెలాన్ 1649లో క్రీస్తు ముఖాన్ని ముక్కు కొస దగ్గర మొదలై సుడి తిరుగుతూ పోయే ఒకే గీతతో, దాని మందం పెంచి తగ్గించడం ద్వారానే, రాగిరేకు మీద చెక్కాడు, ఫ్రెంచి చిత్రకారుడు సరా గరుకు కాగితం మీద కాంతే క్రేయాన్ నడిపి గీతలు లేని నీడలతోనే మనుషులను నిలిపాడు.

బోధన ఈ జ్ఞానాన్ని ఎంత వరకు అందుకొందన్నది వేరే ప్రశ్న. రస్కిన్ 1857 నాటి పాఠ్యపుస్తకం ఒక చదరాన్ని గీతలతో సమంగా నింపడంతో మొదలై, గుండ్రని రాయిని గీయడానికి వస్తుంది. 1866-71 మధ్య చిత్రకారుడు జెరోమ్ సహకారంతో వెలువడిన బార్గ్ అభ్యాస ఫలకాలు నీడను ముందుగా తిన్నని అంచులు గల ఒకే మచ్చగా వేసి, ఆ తర్వాతే హాఫ్‌టోన్లలోకి దిగమంటాయి. రస్కిన్ చేతికి, బార్గ్ నిర్ణయానికి శిక్షణ ఇచ్చారనవచ్చు; నేటి పాఠాల్లో ఎక్కువగా మిగిలింది రస్కిన్ వైపే, నున్నగా రుద్దడం నైపుణ్యంగా చెలామణి అవుతుంది. పైగా ఇప్పటి విద్యార్థి ముందు ముంతకు బదులు ఫోనులోని ఫోటో ఉంటోంది. ఫోను కెమెరా నీడలోని వివరాలను తనంతట తాను వెలిగించి, వెలుతురు పక్షాన్ని అణచి చూపుతుంది కాబట్టి, దాన్ని నమ్మి గీసినవారి పరావర్తిత కాంతి ఎప్పుడూ మితిమీరుతుంది. ఫ్లాష్ వేసి తీసినదైతే వెలుతురు చూపు దిక్కు నుంచే రావడం వల్ల గీయడానికి నీడే ఉండదు. ఎదుట వస్తువు పెట్టుకున్నా, రెండు ట్యూబ్‌లైట్ల గదిలో ఒకే బంతి మీద రెండు సరిహద్దులు పడతాయి, బల్ల మీద రెండు నీడలు కత్తెరలా దాటుకొని కలిసిన చోట మరింత నల్లబడతాయి. ఆ బల్ల ముందు కూర్చున్న విద్యార్థికి పాఠం మొదలు కాకముందే ఒక దీపం ఆర్పించి, ఒక కిటికీ రెక్క మూయించడం మాస్టారి తొలి పని.